అమ్మవైపు అక్షరాలు

సువార్త ఫోన్ చేసినప్పుడు నేను రేపల్లెలో మా స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు జీవకణం బొమ్మ వేస్తున్నాను. "మేడమ్ పోయారే" అంది. ఏ మేడమ్ అని నేను అడగలేదు. ఎందరి దగ్గర చదువుకున్నా మా ఇద్దరికీ మేడమ్ అంటే ఆవిడ ఒక్కరే.

మధ్యాహ్నం పాసింజరు పట్టుకుని తెనాలి చేరేసరికి ఖననం అయిపోయింది. సువార్త బాపట్ల నుంచి నాకంటే ముందే వచ్చి వాకిట్లో నిలబడి ఉంది. లోపలి గదిలో చాప మీద కూర్చున్న మేడమ్ చెల్లెలు మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "మా అక్క దగ్గర ఏం చదువుకున్నారమ్మా?" అని అడిగింది. డీఎన్ఏ అన్నాం. "ఇంట్లోనూ అదే గోల. కూర తరుగుతూ కూడా అదే" అని నవ్వబోయి, నవ్వు మధ్యలో ఏడ్చింది.

తిరుగు రైల్లో కూర్చున్నాక ఆలోచిస్తే, ఆవిడ గురించి చెప్పమంటే నా దగ్గర పెద్దగా ఏమీ లేదనిపించింది. ఎప్పుడు పుట్టారో తెలియదు. ఎందుకు పెళ్ళి చేసుకోలేదో తెలియదు. నాకు బాగా తెలిసినవి ఆవిడ చేతులు.

సన్నటి వేళ్ళు. గోళ్ళు ఎప్పుడూ మొదలంటా కత్తిరించి ఉండేవి. వాళ్ళ నాన్నగారికి బజారులో గడియారాల మరమ్మతు కొట్టు ఉండేది. ఆయన పాత పట్టకార్లు, కంటికి తగిలించుకునే భూతద్దం మా ల్యాబ్‌లోకి వచ్చేశాయి. గడియారాలాయన కూతురై ఉండీ చేతికి గడియారం పెట్టుకునేవారు కాదు. "చేతికి బరువమ్మా" అనేవారు. టైమెంతయిందో కావాలంటే మమ్మల్నే అడిగేవారు.

అది రెండువేల అయిదో, ఆరో. బయోటెక్నాలజీ అంటే ఊళ్ళకు ఊళ్ళే వెర్రెత్తిపోయిన కాలం. తెనాలిలో మా డిగ్రీ కాలేజీలో కూడా ఆ కోర్సు పెట్టారు. కోర్సు పెట్టారు గానీ ల్యాబ్‌లో ఒక ఫ్రిజ్జు, గిరగిర తిరిగే చిన్న సెంట్రిఫ్యూజు, రెండు మైక్రోపిపెట్లు తప్ప చెప్పుకోదగ్గ సామాను లేదు. మైక్రోపిపెట్ అంటే చుక్కలో వందో వంతు కూడా కొలిచి తీసే పరికరం. తొమ్మిదిమంది ఆడపిల్లలం ఆ రెండింటి కోసం వరసలో నిలబడేవాళ్ళం.

ముందు రెండు నెలలు మేడమ్ మాతో బీట్‌రూట్ నీళ్ళే కొలిపించారు. ప్లాస్టిక్ కవరు పరిచి దాని మీద చుక్కలు పెట్టమనేవారు. అన్నీ ఒకే సైజులో ఉండాలి. భూతద్దం కంటికి పెట్టుకుని, ఒక కన్ను మూసి, చుక్క చుక్కా చూసేవారు. కిరాణా కొట్లో దొరికే చైనాగ్రాస్ కాచి, గడ్డకట్టాక దువ్వెన పళ్ళతో గుంటలు చేసి, నీలిసిరా కలిపిన పంచదార పాకం ఆ గుంటల్లోకి ఒలకకుండా దింపమనేవారు. నా చెయ్యి వణికేది. "చేతికి కంగారు వస్తే అది అబద్ధం చెప్తుందమ్మా" అని నా మోచేతి కింద తన అరచెయ్యి ఆనించేవారు. ఆ అరచెయ్యి ఎప్పుడూ చల్లగా ఉండేది.

మమ్మల్ని పేర్లతో పిలిచేవారు కాదు. ఏ స్టేషన్‌లో రైలెక్కి వస్తే ఆ ఊరే మా పేరు. నేను రేపల్లె. ముందు బెంచీలో అంగలకుదురు. సువార్త చుండూరు. "చుండూరూ, ఆ టెస్ట్‌ట్యూబుల రాక్ ఇటివ్వు. రేపల్లే, నీ కేరియర్‌లో ఇవాళ రొయ్యలేనా?" అనేవారు. రొయ్యలున్న రోజు మా బెంచీ దగ్గరికి వచ్చి నిలబడే భోంచేసేవారు. పొగుడుతూ తినడం ఆవిడకు రాదు. ఇంకాస్త వేయించి ఉండాల్సిందని మాత్రం ప్రతిసారీ అనేవారు.

ఆ ఏడాది ఆవిడకొక పట్టుదల వచ్చింది. డీఎన్ఏ అక్షరాలు చదవడం మేము పుస్తకంలో బొమ్మ చూసి కాకుండా చేత్తో నేర్చుకోవాలి. అదీ ఎవరిదో కాదు, మాదే. ఉప్పునీళ్ళు పుక్కిలించి సీసాల్లో ఉమ్మాం. అందులో మా బుగ్గల లోపలి కణాలుంటాయి. వాటిని సబ్బునీళ్ళతో పగలగొట్టి, చల్లటి సారాయిలాంటి ఆల్కహాలు పోస్తే తెల్లటి పోగులు పైకి తేలాయి. అంగలకుదురు అమ్మాయి తన పోగు చూసి, "ఇంతేనా నేను?" అంది. "ఇంతేనమ్మా. మిగతాదంతా అన్నం" అన్నారు మేడమ్.

తరువాతి పనికి యంత్రం కావాలి. మనకు కావలసిన ముక్క ఒక్కదాన్నే వేడిచేసి, చల్లార్చి, లక్షలు లక్షలుగా పెంచే యంత్రం. బాపట్లలో ఒక ప్రయోగశాలలో మేడమ్ పాత స్నేహితురాలు పనిచేసేది. శనివారాలు అక్కడికి తీసుకెళ్ళేవారు. ఐసుముక్కలు నింపిన ఫ్లాస్కులో మా సీసాలు. ఒకసారి రైల్లో ఎదుటి సీటాయన ఆ ఫ్లాస్కు వంక చూసి, "ఏంటమ్మా, ఐస్‌క్రీమా?" అని అడిగాడు. "కాదండి, మా పిల్లల ఉమ్మి" అన్నారు మేడమ్ మామూలుగా. ఆయన నిడుబ్రోలు దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

బాపట్ల నుంచి మా ముక్కలు హైదరాబాదు వెళ్ళాయి. అక్కడి యంత్రం చదివిన ఫలితం ఈమెయిల్లో వచ్చింది. మేడమ్ తెనాలిలో నెట్ సెంటర్‌కు వెళ్ళి రంగుల్లో అచ్చు వేయించి తెచ్చారు. ఎరుపు, పచ్చ, నీలం, నలుపు కొండలు ఒకదాని పక్కన ఒకటి. ఏ, టి, జి, సి అని రంగుకొక అక్షరం. మొత్తం మూడొందల పైచిలుకు అక్షరాలు. కొండల పైన యంత్రం అక్షరాలు కూడా వేసి ఇచ్చింది గానీ, ఆ వరస మీద మేడమ్ తెల్లకాగితం ముక్క అంటించి, "యంత్రం చదివింది సరే, నువ్వు చదువు" అన్నారు. పెన్సిలు పట్టుకుని రెండు రోజులు చదివాం. కాగితం తీసి సరిచూసుకుంటే ఒకట్రెండు చోట్ల యంత్రం 'ఎన్' అని వేసి ఉంది. "అంటే నాకు తెలీలేదని. యంత్రానికే లేని సిగ్గు మీకెందుకు? తెలీకపోతే తెలీదని రాయండి" అన్నారు.

ప్రతి ముక్కనూ రెండువైపుల నుంచీ చదివించి తెప్పించారు. ఎందుకని అడిగితే నవ్వి, "ఒకటి మీ తెలుగులాగా ఎడమ నుంచి. ఒకటి మా ఉర్దూలాగా కుడి నుంచి. రెండూ కలిస్తేనే నమ్మాలి" అన్నారు.

తరువాత ఒకరి వరసకూ ఇంకొకరి వరసకూ తేడాలు వెతికి చుట్టమన్నారు. అందరికీ ఎక్కడో ఒకచోట, రెండుచోట్ల అక్షరాలు మారాయి. నాకూ సువార్తకీ మారలేదు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. మేడమ్ నమ్మలేదు. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి అంటించారు. వెలుతురులో రెండూ ఒకే కొండల వరసయ్యాయి. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది.

"ఈ ముక్క తల్లి నుంచే వస్తుందమ్మా. నాన్న నుంచి రాదు. అంటే ఎప్పుడో, ఎక్కడో, ఎన్ని తరాల వెనకో మీ ఇద్దరికీ ఒకే అమ్మ ఉండి ఉంటుంది."

క్లాసంతా మా ఇద్దరి వైపూ తిరిగింది. నాకు గొప్పగా అనిపించింది. సువార్త మాత్రం తలొంచుకుని టెస్ట్‌ట్యూబులు కడగడానికి వెళ్ళిపోయింది. నేనది చూశాను గానీ ఎందుకో అర్థం చేసుకోలేదు. మేడమ్ అసలు చూడనే లేదు.

రాత్రి అన్నాల దగ్గర ఇంట్లో చెప్పాను. మాకు వరిచేలు, ఒక ఎరువుల కొట్టు. నాన్న కోపిష్టి కాదు. ముద్ద కలుపుతూ, "చుండూరులో ఎవరి పిల్ల?" అని మాత్రం అడిగాడు. ఊరి చివర పేటలో ఉంటారని చెప్పాను. ఆయన మర్నాడు పొద్దున నాతోపాటు రైలెక్కాడు.

ల్యాబ్ దగ్గరికి వచ్చి చెప్పులు బయట విడవబోతే, "వేసుకునే రండి, గాజుపెంకులుంటాయి" అన్నారు మేడమ్.

"నమస్కారమండి. నోట్లో ఏదో తుడిచి ఎవరు ఎవరికేమవుతారో చెప్తున్నారంట గదా."

"అలా చెప్పటం లేదండి. కూర్చోండి."

"కూర్చోటానికి రాలేదండి. మా అమ్మాయీ ఆ చుండూరు అమ్మాయీ ఒకటేనంట."

"ఈ కాస్త భాగంలో ఒకటేనండి."

"ఎలా అవుద్దండి?"

మేడమ్ కాగితం తీసి ఆయన ముందు పరిచారు. "ఇది తల్లి నుంచి కూతురికి, ఆ కూతురి నుంచి దాని కూతురికి వచ్చేదండి. ఇందులో మీ వంతు ఏమీ లేదు."

"మా వంతు లేదా?"

"అస్సల్లేదండి. మీ ఇంటిపేరు ఇందులోకి రాదు."

నాన్న ముఖంలో ముందు ఊరట కనిపించింది. వెంటనే, తన కూతురి కాగితంలో తనకు చోటే లేకపోవడం ఆయనకు నచ్చలేదు. రెండూ కనిపించిన ఆ ముఖం నాకిప్పటికీ గుర్తు. గొంతు తగ్గించి అన్నాడు.

"పెళ్ళి కావాల్సిన పిల్లండి. నలుగురి నోళ్ళల్లో పడితే బాగుండదు. మీరూ ఆడకూతురే, మీకు చెప్పేదేముంది?"

"ఆ అమ్మాయి కూడా పెళ్ళి కావాల్సిన పిల్లేనండి" అన్నారు మేడమ్.

నాన్న అప్పుడు చూశాడు. వెనక సింకు దగ్గర సువార్త నిలబడి ఉంది. కుళాయి కట్టేసి ఉంది. ఆయన బయటికి వెళ్ళాడు. అయితే ఇంటికి కాదు, కాలేజీ సెక్రటరీ గదికి.

సాయంత్రం ఇంట్లో అమ్మ ఈ కథంతా విని పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "మా వైపుదా? మా అమ్మమ్మని ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో మా తాతకే సరిగ్గా తెలీదు. మీకెందుకంత తంటా?" అంది. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

ఆ పొద్దున కాలేజీలో మాత్రం నాన్న వెళ్ళిపోయాక సువార్తే మేడమ్ బల్ల దగ్గరికి వచ్చింది.

"తెలిసింది గదా మేడమ్. ఇప్పుడు దీన్నేం చెయ్యాలి నేను? చూపిస్తే ఎవరన్నా పక్కన కూర్చోనిస్తారా?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగింది. మేడమ్ ఏదో చెప్తారని మేమంతా ఎదురుచూశాం. మనుషులంతా ఒకటేనని, చదువుకుంటే అన్నీ మారతాయని, అలాంటిదేదో. ఆవిడ చేతిలో తిప్పుతున్న పట్టకారు బల్ల మీద పెట్టారు.

"నాకు తెలీదమ్మా" అన్నారు.

మర్నాడు క్లాసుకు వచ్చి కూర్చోలేదు. బల్లకు ఆనుకుని నిలబడ్డారు.

"మీ నోళ్ళలోంచి తీసుకున్నాను. మీరు సరేనన్నారు గానీ, ఏం తేలుతుందో, తేలితే ఎవరికి కష్టమో నేను మీకు చెప్పలేదు. నా ఉత్సాహం నాది. దాన్ని మీ అనుమతి అనుకున్నాను. సువార్తా, నిన్ను అడక్కుండా నీ కాగితం కిటికీకి అంటించాను. తప్పు నాదమ్మా."

ఆవిడ నోట ఆ పేరు వినడం మాకదే మొదటిసారి. టీచరు ఒక విద్యార్థినికి క్షమాపణ చెప్పడం చూడటమూ అదే మొదటిసారి. సువార్త లేచి నిలబడింది. ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చుంది.

మేడమ్ ఎవరి కాగితాలు వాళ్ళకిచ్చేశారు. "మీవి. దాచుకుంటారో, చింపేస్తారో మీ ఇష్టం" అన్నారు. ఇద్దరు ముగ్గురు అక్కడే చింపేశారు.  సువార్త తనది నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. సాయంత్రం స్టేషన్‌కు వెళ్ళే దారిలో మేడమ్‌తో అంది, "మా అమ్మకు మీరే చెప్పండి మేడమ్. నాకు సరిగ్గా చెప్పటం రాదు." నా వైపు తిరిగి, "నువ్వూ రా. నీది కూడా గదా" అంది.

పిల్లల నమూనాలు ఇకపై తీసుకోకూడదని సెక్రటరీ చెప్పేశారు. మేడమ్ వాదించలేదు. తరువాతి బ్యాచ్‌కు రేపల్లె రేవు నుంచి చేపలు తెప్పించి వాటి డీఎన్ఏ చదివించారని విన్నాను. "చేప వాళ్ళ నాన్న రైలెక్కి రాడు" అని బాపట్ల స్నేహితురాలితో అన్నారట. ఆ మాటలో నవ్వెంతో, బాధెంతో నాకు తెలియదు. సువార్త ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు బాపట్లలో అలాంటి యంత్రాల దగ్గరే పనిచేస్తోంది. మా కాలేజీలో ఆ కోర్సు కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది.

మేము చుండూరు వెళ్ళింది కాగితాలు ఇచ్చేశాక వచ్చిన ఆదివారమే. నాన్నకు చెప్పలేదు, అమ్మకు చెప్పి వెళ్ళాను. సువార్త వాళ్ళమ్మ అప్పుడే ప్రార్థన నుంచి వచ్చింది. తెల్లచీర, తలకు నూనె. పక్కింటి నుంచి రెండు కుర్చీలు తెచ్చి వేపచెట్టు నీడన వేసింది. మేడమ్ కుర్చీలో కూర్చోకుండా ఆవిడ కూర్చున్న మంచానికే ఒక చివర కూర్చున్నారు.

"మీ అమ్మాయి నోట్లోంచి కొన్ని కణాలు తీశామమ్మా. ముందు మిమ్మల్ని అడగాల్సింది. అడగలేదు. అది చెప్దామని వచ్చాను."

"దానికేమీ కాలేదు గదండి?"

"కాలేదమ్మా."

"మరింకేంటండి" అంది ఆవిడ.

మేడమ్ చెప్పడం మొదలుపెట్టారు. క్లాసులో చెప్పినట్టు కాదు. మీ నుంచి సువార్తకు వచ్చింది, మీకు మీ అమ్మ నుంచి వచ్చింది, ఆవిడకు వాళ్ళ అమ్మ నుంచి అని, ఒక్కొక్కరి పేరూ చెప్తున్నట్టు ఆగి ఆగి చెప్పారు. అమ్మ అన్న మాట దగ్గర ఆవిడ మంచం పట్టె పట్టుకుంది.

"మా అమ్మ నాకు ఊహ తెలీకముందే పోయిందండి. పోటో కూడా లేదు. ముఖం ఎలా ఉండేదో ఇందులో తెలుసుద్దాండి?"

 ఏదన్నా చెప్పగలిగితే బాగుండునని మేడమ్ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"తెలీదమ్మా. ముఖం ఇందులో లేదు."

"మరేముందండి?"

"అక్షరాలు. మీ అమ్మ దగ్గరివే. మీ అమ్మాయి దాకా అలాగే వచ్చాయి."

 "చదివితే వినబడతాయా?"

"వినబడతాయమ్మా."

"చదవ్వే" అంది కూతురితో.

సువార్త సిగ్గుపడింది. అర్థం ఉండదమ్మా అంది. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. చివరికి సంచిలోంచి కాగితం తీసి మడతలు విప్పి మొదలుపెట్టింది. "టి, టి, సి, టి, టి, టి, సి, ఏ, టి, జి, జి, జి, జి, ఏ, ఏ..." మొదట గబగబా, అప్పజెప్పినట్టు. వాళ్ళమ్మ కళ్ళు మూసుకుంది. సువార్త అది చూసి నెమ్మదించింది. ఆగితే చాలు, "ఇంకా ఉందా?" అనేది ఆవిడ. "ఉందమ్మా." "కానీ మరి." ఎదురింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఏం ప్రార్థనో అనుకున్నారేమో, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

సగం దాటాక సువార్త ఆగిపోయింది.  కాగితం ఒళ్ళో పెట్టుకుని తల పక్కకు తిప్పుకుంది. వాళ్ళమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"నీదీ ఇదేనంట గదమ్మా. మిగిలింది నువ్వు చదువు."

నేను నా కాగితం తీశాను. ఎక్కడ ఆగిందో తెలియక వరసల వెంట వెతుక్కుంటున్నాను. మేడమ్ నా వైపు వంగి, నోటితో చెప్పకుండా, ఒక అక్షరం కింద వేలు పెట్టారు. అక్కడి నుంచి చదివాను.